గనికి గడ్డి కప్పాలంటే ముందు పైమట్టి దాచాలి

సంపాదకుల వారికి నమస్కారం.

తవ్వకం ముగిసిన గనుల్లో తిరిగి గడ్డి పెంచాలని, ఆ నేల మేతకూ మొక్కలకూ జీవాలకూ పనికొచ్చేలా చేయాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 8న ఆదేశించింది. అదే నెల 16న కేంద్ర పర్యావరణ శాఖ దాన్ని అనుమతుల షరతుల్లో చేర్చమంది. ఖర్చు లీజుదారుదే. అయినా బళ్ళారి జిల్లా సండూరు ఇనుప గనుల దగ్గరైనా, మన బెంగళూరు చుట్టూ కంకర క్వారీల దగ్గరైనా పునరుద్ధరణ అనగానే గుంత తీసి నీలగిరో తుమ్మో నాటడమే ఎక్కువగా కనిపిస్తోంది. గడ్డి దానంతటదే వస్తుందిలే అనుకుంటున్నారు. లారీలు తొక్కిన నేలలో రాదు.

అసలు పని మొదటి బుల్‌డోజర్ దిగిన రోజునే మొదలవ్వాలి. గడ్డి విత్తనం, వేళ్లు, వాటితో బతికే సూక్ష్మజీవులు దాదాపు అన్నీ పై జానెడు మట్టిలోనే ఉంటాయి. ఆ పొరను విడిగా తీయాలి, రాతి మట్టితో కలవనివ్వకూడదు. వీలైతే తీసిన మట్టిని తవ్వకం అయిపోయిన పక్క ముక్క మీద వెంటనే పరిచేయాలి, అంతకు మించిన పద్ధతి లేదు. దాచక తప్పదంటే కుప్ప ఎత్తు రెండు మీటర్లు దాటకూడదు, దాని మీద జనుమో ఉలవలో చల్లాలి. ఐదారు మీటర్ల ఎత్తు పోసి ఏళ్ల తరబడి వదిలేసిన కుప్పను తవ్వి చూస్తే, లోపలి మట్టి గాలాడక పుల్లటి వాసన కొడుతుంది. అది పరిచినా అందులోంచి మొలిచేది తక్కువ.

తర్వాత వాలు. రాయీ మట్టీ పోసిన డంపు తనంతట తాను 37 డిగ్రీల దగ్గర నిలబడుతుంది. అక్కడ గడ్డి నిలవదు. నిబంధన ప్రకారం మొత్తం వాలు 28 డిగ్రీలు దాటకూడదు. పశువులు ఎక్కి మేయాలంటే 18 డిగ్రీల లోపుకి తేవాలి. ఆపైన బెంచీలను (వాలులో మెట్లలా కోసిన అంచెలను), లారీలు నడిచిన చోట్లను డోజర్ వెనక ఉండే ఇనుప కొక్కెం, అంటే రిప్పర్‌తో 50, 60 సెంటీమీటర్ల లోతు చీల్చాలి. చాళ్లు వాలుకు అడ్డంగా పోవాలి, నిలువుగా చీలిస్తే ప్రతి చాలూ ఒక వంకై కూర్చుంటుంది. ఇది ఎండాకాలంలోనే చేయాలి. తడి నేలలో రిప్పర్ మట్టిని పగలగొట్టదు, పక్కలకు నొక్కి ఇంకా గట్టిపరుస్తుంది. చీల్చాకే పైమట్టి, ఆ వరస తప్పకూడదు. నిటారు చోట్ల కొబ్బరి పీచు వల పరిచి మేకులు కొట్టాలి, అడ్డంగా వట్టివేరు వరసలు, పిలకకూ పిలకకూ 15 సెంటీమీటర్లు.

ఎరువు హెక్టారుకు పది టన్నులు బాగా మాగిన పశువుల పెంట చాలు. యూరియా గుమ్మరిస్తే గడ్డి కంటే ముందు వయ్యారిభామ లేస్తుంది. పచ్చి మేకల ఎరువైతే ఇంకో ముప్పు. మేకలు సర్కారు తుమ్మ కాయలు తింటాయి, గింజలు అరగకుండా ఎరువులోకి వస్తాయి. కన్నడిగులు ఆ చెట్టును బళ్ళారి జాలి అంటారు. గడ్డి నేలకు అంతకంటే మొండి శత్రువు లేదు.

విత్తనం దగ్గర చాలామంది మోసపోతారు. అంజన్ గడ్డి గింజ కోసిన వెంటనే సరిగా మొలవదు, కొన్ని నెలలు నిల్వ ఉండాలి. పప్పుజాతి మేత మొక్క స్టైలో గింజ పెంకు గట్టిది, 80 డిగ్రీల వేడి నీళ్లలో నాలుగైదు నిమిషాలు ఉంచి తీయాలి. హెక్టారుకు అంజన్ ఐదు కిలోలు, స్టైలో నాలుగు, వీటితో పాటు చుట్టుపక్కల కొండల మీద సేకరించిన బోద, ముల్లుగడ్డి గింజలు. ఈ స్థానిక గడ్డి లేకుండా రెండు రకాలతో సరిపెడితే అది మేత మడి అవుతుంది గానీ గడ్డి మైదానం కాదు. నూగు ఉన్న గడ్డి గింజలు గాలికి ఎగిరిపోతాయి, తడి ఇసుకలో కలిపి చల్లి ముళ్ల కంపతో పైపైన లాగితే సరి. ఒక సెంటీమీటరు కంటే లోతు పోతే మొలక పైకి రాదు. తొలకరికి నేల సిద్ధంగా ఉండాలి. జూన్‌లో వేసింది సెప్టెంబరు పెద్ద వానలకల్లా వేళ్లూనుతుంది. విత్తనంలో మూడో వంతు ఆగస్టుకు దాచుకోవాలి, మధ్యలో ఎండ కాస్తే అదే ఆదుకుంటుంది.

మొదటి ఏడు మేపకూడదు. రెండో ఏడు గింజ రాలాక కోసుకోవచ్చు. మేత అవసరమున్న ఊరివాళ్లకు ఈ కోత హక్కు ముందే రాసిస్తే కంచె తెంచే అవసరం వాళ్లకు రాదు.

కంకర క్వారీ సంగతి వేరు. గుంత అడుగు బండ మీద గడ్డి పెంచుతామని కాగితం రాయడం వృథా. అక్కడ అంచులు, డంపులు, దారులు గడ్డికి ఇచ్చి, గుంతను కంచె వేసి నీటికి వదలాలి.

రాష్ట్ర గనుల శాఖ కార్యాలయం ఖనిజ భవన్ ఉన్న ఊరు కాబట్టి ఇక్కడి అధికారులకు రెండు విన్నపాలు. ప్రతి గనిలో ఎంత పైమట్టి తీశారు, ఎక్కడ దాచారు అన్న లెక్క ఊరి పంచాయతీలో అంటించాలి. పని పూర్తయిందన్న సర్టిఫికెట్ మూడు వానాకాలాలు గడిచాకే ఇవ్వాలి. అది కూడా మీటరు చదరం చట్రం పదుల చోట్ల వేసి, అందులో ఎంత నేల కప్పిందో కొలిచి. మే నెలలో వెళితే గడ్డి ఎండి ఉంటుంది, అది లోపం కాదు. దుబ్బు మొదలు పట్టి లాగి చూడండి, ఊడిరాకపోతే సంతకం పెట్టండి.

— గని భూముల్లో నేల, గడ్డి పనులు చేసే కొందరం,
బెంగళూరు