నా ఎర్ర జుట్టు వెనకున్న వాళ్లందరికీ

అందరికీ నమస్కారం.

ఈమధ్య వీధిలో, గుడి దగ్గర, ఆఖరికి కూరగాయల బండి దగ్గర కూడా నన్ను ఆపి అడిగేది ఒకటే మాట: "ఏ పార్లర్‌లో వేయించుకున్నావు పాపా?" మా ఇంటి వెనక వరండాలో, పాత ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వేయించుకున్నానంటే ఎవరూ నమ్మడం లేదు. నా జుట్టు మీద అంతమంది చెయ్యి వేశారు మరి. ఒక్కొక్కరికీ విడిగా థ్యాంక్స్ చెప్పాను గానీ, నలుగురిలో చెప్పకపోతే నా మనసు ఊరుకోవడం లేదు. కాస్త పొడుగైనా చదవండి. ఇంట్లో రంగు వేసుకోవాలని చూసేవాళ్లకి పనికొచ్చే సంగతులు కూడా మధ్యలో ఉన్నాయి.

ఇంట్లోనే ఎందుకంటే, మా అవ్వకి తుంటి ఎముక ఆపరేషన్ అయి మంచం మీద ఉంది. గంటలకొద్దీ బయట కూర్చునే వీలు నాకు లేదు. అయినా ముందు ఇక్కడే, తిరుపతిలో, ఒక పార్లర్‌కి వెళ్లి అడిగాను. పేరెందుకు లెండి. "మీది మరీ నల్ల జుట్టు మేడం, 40 వాల్యూమ్ మందు పెట్టి రెండుసార్లు బ్లీచ్ కొట్టాలి, తర్వాత ఊడితే మాకు సంబంధం లేదు" అని పని మొదలుపెట్టకముందే చేతులు దులిపేసుకున్నారు. చెప్పిన రేటు వింటే ఇంకా నవ్వొస్తుంది.

అక్కడ ఆగిపోవాల్సిన నా సరదాని మళ్లీ లేపింది బైరాగిపట్టెడలో ఉండే అక్క. పార్లర్లలో పనిచేసి, ఇప్పుడు ఇంటి దగ్గరే పెళ్లికూతుళ్లకి మేకప్ చేస్తుంది. అక్కా, నీ పేరు రాయొద్దన్నావు కాబట్టి రాయడం లేదు. నీ మాటలు మాత్రం రాసి తీరతాను.

నా జడ చేతిలోకి తీసుకుని అక్క అన్న మొదటి మాట: "ఎరుపుకి అంత బ్లీచ్ ఎందుకు పాపా? నీ నలుపు కింద ఉండేదే ఎరుపు." నాకు అర్థం కాలేదు. ఎండలో తిరిగే పిల్లల జుట్టు చూడమంది. కొసలు రాగిరంగుకి తిరుగుతాయి. ఎవరు వేశారు ఆ రంగు? నల్ల జుట్టులో నలుపు కరిగేకొద్దీ ముందు ముదురు ఎరుపు బయటపడుతుంది, తర్వాత కాషాయం, అన్నిటికన్నా చివర పసుపు. నీలమో పచ్చో కావాలంటే పసుపు దాకా పోవాలి, జుట్టు సగం చచ్చిపోతుంది. ఎరుపు కావాల్సిన వాళ్లు సగం దారిలోనే బండి దిగేయొచ్చు.

మంచం మీద నుంచి అవ్వ అంతా వింటోంది. "జుట్టు ఎర్రబడకూడదనే కదే చిన్నప్పుడు నీ తలకి ఆముదం పట్టించి చంపినా! ఇప్పుడు దుడ్లిచ్చి ఎర్రగా చేసుకుంటావా?" అంది. దానికి మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

రెండో దండం మా పై పోర్షన్‌లో అద్దెకుండే కెమిస్ట్రీ మేడంకి. అక్క చేత్తో తెలిసినదాన్ని ఆవిడ పాత కరెంటు బిల్లు వెనక బొమ్మ గీసి చూపించింది. రంగు ట్యూబులో ఉండే అమ్మోనియా వెంట్రుక పైపొరల్ని ఉబ్బించి దారి తెరుస్తుంది. రంగులో కలిపే మందు, అంటే డెవలపర్‌లో ఉండే హైడ్రోజన్ పెరాక్సైడ్ రెండు పనులు చేస్తుంది: లోపలి నలుపుని కరిగిస్తుంది, రంగునీ పుట్టిస్తుంది. లోపలికి దూరేటప్పుడు ఆ రంగు అణువులు చిన్నవి, వాటికి రంగే ఉండదు. లోపల ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై రంగు తేలుతాయి, ఇక వచ్చిన దారిలో బయటికి రాలేవు. డెవలపర్ డబ్బా మీది వాల్యూమ్ అంకె పెరాక్సైడ్ బలం చెబుతుంది. 10 అంటే 3 శాతం, 20 అంటే 6, 30 అంటే 9, 40 అంటే 12. ఒక లీటరు ద్రవం నుంచి అన్ని లీటర్ల ఆక్సిజన్ వస్తుందని లెక్క. 12 శాతం పెరాక్సైడ్‌ని చర్మం మీద పెట్టుకునే అవసరం నీకేముంది అని మేడం అడిగినప్పుడు, ఆ పార్లర్ వాళ్ల మాట గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. మేడం, మీ పాఠం ఇంటర్‌లో విని ఉంటే నాకు కెమిస్ట్రీలో ఆ మార్కులు వచ్చేవి కావు.

షేడ్ ఎంచింది అక్కే. పెట్టె మీది అంకెలు ఎలా చదవాలో నేర్పింది. చుక్కకి ముందు అంకె ముదురు లేతలు చెబుతుంది, 1 నలుపు, 10 బాగా లేత. చుక్క తర్వాతది ఛాయ. చాలా కంపెనీల్లో 6 అంటే ఎరుపు, అదే అంకె రెండుసార్లు ఉంటే ఇంకా గాఢం. అట్లా 6.66 తీసుకున్నాం. అన్ని కంపెనీలూ ఒకే లెక్క పాటించవు కాబట్టి పెట్టె మీది పేరు కూడా చదవమంది.

మెడికల్ షాపు అన్నా, మీ దగ్గర నేను కొన్నది గ్లోవ్స్, వాజిలిన్ మాత్రమే. మీరు ఊరికే ఇచ్చిన సలహా మాత్రం అన్నిటికన్నా విలువైనది. బిల్లు కొడుతూ అడిగారు: "ఎప్పుడైనా నల్ల మెహందీ కోన్ పెట్టుకుంటే దురద, బొబ్బలు వచ్చాయామ్మా?" ఆ నల్ల కోన్లలో కలిపే పీపీడీ అనే రసాయనమే చాలా హెయిర్ డైలలోనూ ఉంటుందని, ఒకసారి దానికి ఒళ్లు ఎదురు తిరిగితే తర్వాత డై వేసినప్పుడు మొహం వాచిపోయేంత దూరం పోవచ్చని చెప్పారు. చెవి వెనక చుక్కంత పెట్టి 48 గంటలు ఆగమన్నారు. పెట్టె మీద కూడా అదే ఉంది, చిన్న అక్షరాల్లో. ఎవరు చదువుతారండీ? నేనైతే చదివేదాన్ని కాదు. ఆగాను. ఏమీ రాలేదు.

ఇక కొండమీద తలనీలాలు తీసే కల్యాణకట్టలో పనిచేసి రిటైరైన తాత. అవ్వని చూడ్డానికి వచ్చాడు పాపం, వచ్చినవాడిని పట్టుకుని నా జుట్టు చూడమన్నాం. తడిపి, ఒక్క వెంట్రుకని రెండు వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగి వదిలాడు. సాగింది, మళ్లీ వెనక్కి పోయింది. "బాగుంది. కొండమీద ఇచ్చినాక పెరిగిందేనా ఇదంతా?" అన్నాడు. అవును, మొక్కు తీర్చుకుని గుండు చేయించుకున్నాక పెరిగిన జుట్టే. ఒక్క రంగూ ఒక్క మందూ తగల్లేదు. నెలకి అర అంగుళం లెక్కన పెరిగి ఇప్పుడు భుజాలు దాటింది. అది విని అక్క మొహం వెలిగిపోయింది. రంగు మీద రంగు వేస్తే కింది రంగు కరగదట. ముందే నల్ల డై ఉన్న జుట్టు మీద ఎర్ర డై ఎంత పూసినా వేర్ల దగ్గర మాత్రం మండిపోయే ఎరుపు, కిందంతా అదే నలుపు. నాకు ఆ బాధ లేకుండా స్వామే చూసుకున్నాడు అనుకోవాలి.

తాత మెడ దగ్గర, కనపడని చోట, సన్నటి పాయ కత్తిరించి ఇచ్చాడు. దాని మీదే అక్క మొదట రంగు పరీక్ష చేసింది. ఆ రోజే మా పిన్ని కూతురు కూడా నాకూ వేయండని కూర్చుంది. తను నల్లగా పండే మెహందీ పొడి వాడుతుంది, ప్యాకెట్ మీద మూలికలని రాసుంది. అక్క ఆ పిల్ల వెంట్రుకలు కొన్ని ప్లాస్టిక్ కప్పులో డెవలపర్, బ్లీచ్ కలిపి ముంచింది. కాసేపటికి కప్పు బయట చెయ్యి పెట్టి చూడమంది. వేడి! ఘాటు వాసన. బయటికి తీసి లాగితే వెంట్రుక జిగురుగా సాగి తెగిపోయింది. "గోరింటాకు ఇచ్చేది ఎరుపే పాపా. నల్లగా పండిందంటే ఇంకేదో కలిసినట్టే. నీలి ఆకు కావచ్చు, పీపీడీ కావచ్చు, లోహపు ఉప్పులు కావచ్చు. పెరాక్సైడ్ తగిలి ఇట్లా వేడెక్కిందంటే లోహమే అనుకో" అంది. పిల్ల ఏడుపు మొహంతో వెళ్లిపోయింది. మర్నాడు పిన్నే ఫోన్ చేసి అక్కకి థ్యాంక్స్ చెప్పమంది, ఇదిగో చెబుతున్నాను.

అసలు రోజు. తలస్నానం ముందు రోజే చేసి ఉంచమంది, మాడు మీద కాస్త సహజమైన జిడ్డు ఉంటే మంట తక్కువట. నుదుటి అంచున, చెవుల మీద వాజిలిన్. స్టీలు గిన్నె పక్కన పెట్టి ప్లాస్టిక్ గిన్నె తీసింది. ముందు జుట్టు పొడవునా 30 వాల్యూమ్‌తో కలిపినది, వేర్ల దగ్గర అంగుళం వదిలేసి. వేర్లకి చివర్లో, 20 వాల్యూమ్‌తో. మాడు వేడికి అక్కడ రంగు త్వరగా ఎక్కుతుంది కాబట్టి, అన్నీ ఒకేసారి పూస్తే వేర్లు నిప్పులాగా, కిందంతా కాఫీ రంగులో తేలుతుందని చెప్పింది. గిన్నెలో పాలమీగడలా తెల్లగా ఉన్నది జుట్టు మీదికి వచ్చాక చూస్తుండగానే గులాబీ, తర్వాత వంకాయ రంగుకి తిరిగింది. నాకు టెన్షన్. అక్క మాత్రం టీ తాగుతూ కూర్చుంది. రంగు లోపల జరుగుతోంది, పైది చూసి భయపడొద్దంది.

ముందర రెండు పాయలు మాత్రం మెరిసే ఎరుపు కావాలని నేను పట్టుబట్టాను. వాటికి ఫాయిల్ పేపర్‌లో, మాడుకి తగలకుండా, 20 వాల్యూమ్‌తో బ్లీచ్ పెట్టింది. ఊరికే విప్పి విప్పి చూస్తూ, కాషాయం రాగానే కడిగేసింది. నేను ఇంకాసేపు ఉంచుదామంటే "ఇంకెందుకు? పసుపు మీద వేస్తే ఎరుపు పలచగా కనిపిస్తుంది, కింద కాషాయం ఉంటేనే మండుతుంది" అంది. దాని మీద డెవలపర్ అక్కర్లేని ఎర్ర రంగు పూసింది. ఇప్పుడు నా జుట్టంతా నీడలో ముదురు ఎరుపు, ఎండలోకి వస్తే భగ్గుమంటుంది. ఆ రెండు పాయలు మాత్రం ఎక్కడున్నా అరుస్తాయి.

మిగిలిన రంగుని దాచుదామని నేను సీసాలో పోసి మూత బిగించబోతుంటే అక్క కేక వేసింది. కలిపిన రంగు నుంచి ఆక్సిజన్ వస్తూనే ఉంటుందట, మూత పెడితే సీసా పగలొచ్చు. పారబోశాం.

కింది ఇంటి వదినా, నిన్ను మర్చిపోతానా? మా బోరు నీళ్ల సంగతి తెలిసిందే కదా, బకెట్లకి తెల్లటి చార, హీటర్ కాయిల్ మీద సున్నం. ఆ నీళ్లతో కడిగితే రంగు మసకబారుతుందని అక్క అనగానే, కుళాయి నీళ్లు వచ్చిన రోజు డ్రమ్ములో పట్టి మూతపెట్టి ఉంచావు. చివరి మగ్గు దాకా నువ్వే పోశావు. బాత్రూమ్ నేల చూసి "ఏదో కోసినట్టుంది మే" అని నువ్వన్న మాటకి పైనుంచి మేడం కూడా పరిగెత్తుకొచ్చింది.

అక్క ఒక్క రూపాయి తీసుకోలేదు. అవ్వ పడుకున్న చోటు నుంచే బొట్టు పెట్టి, జాకెట్ గుడ్డ చేతిలో పెట్టించింది. పోతూ పోతూ గడపలో నిలబడి జాగ్రత్తలు చెప్పింది. మొదటి తలస్నానానికి రెండు మూడు రోజులు ఆగు. వేడినీళ్లు వద్దు. సల్ఫేట్ లేని షాంపూ, అదీ వారానికి రెండుసార్లకి మించకుండా. ఎరుపు అన్ని రంగులకన్నా త్వరగా వెలిసిపోతుంది కాబట్టి, కండిషనర్‌లో కాస్త ఎర్ర రంగు కలిపి అప్పుడప్పుడు పట్టించు. దిండుకి పాత గుడ్డ వేయి. అలిపిరి మెట్లు ఎక్కేటప్పుడు మాత్రం తెల్ల చుడీదార్ వేసుకోకు, చెమటకి ఆ రెండు పాయలు రంగు దిగుతాయి. చివరిది చాలా నిజం, నా తెల్ల దుపట్టా సాక్షి.

మా మామ చూసి "గంగజాతర మే నెలలో కదా పాపా, అప్పుడే బండ వేషం కట్టేసినావా?" అన్నాడు. ఒళ్లంతా కుంకుమ పూసుకునే వేషంతో పోల్చాడు కాబట్టి పొగడ్తగానే తీసుకున్నాను. అవ్వ ఇప్పటికీ ఒప్పుకోలేదు గానీ, చూడ్డానికి వచ్చిన వాళ్లందరికీ నన్ను పిలిచి కిటికీ దగ్గర, వెలుతురులో నిలబెట్టి మరీ చూపిస్తోంది.

అక్కా, మేడం, వదినా, తాతా, మెడికల్ షాపు అన్నా, మీకందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. గ్లోవ్స్, బ్రష్, గిన్నె కడిగి దాచాను. ఈ వీధిలో ఎవరికి కావాలన్నా వచ్చి తీసుకోండి, చెవి వెనక పరీక్ష అయ్యాకే ఇస్తాను. వచ్చే ఆదివారం మధ్యాహ్నం మీరు అందరూ మా ఇంటికే భోజనానికి రావాలి. రాగిసంగటి, ఊరిబిండి నావి. నాటుకోడి పులుసు ఎట్లా చేయాలో అవ్వ మంచం మీద నుంచి చెబుతుంది, కాబట్టి భయం లేకుండా రండి.