మెత్తగా ఉందని కొనేయకు

అనంతపురం,
ఆదివారం పొద్దున

చి. పాపకు నాన్న ఆశీస్సులు.

శెనక్కాయ పొడి డబ్బాతో పాటు ఈ కాగితం కూడా బస్సు పార్సిల్లో పెడుతున్నా. ఫోన్‌లో చెబుదామంటే "సరే నాన్నా, సరే నాన్నా" అని మీటింగులోకి పోతావు.

షాపులో నిలబడి నాలుగు గ్రిప్పులు ఫోటో తీసి పంపి, ఏది తీసుకోమంటావు అని అడిగావు చూడు, మీ అమ్మ పడీ పడీ నవ్వింది. బెంగళూరు గోల్ఫ్ కర్రకు శ్రీకంఠం సర్కిల్ బండి మెకానిక్ సలహానా అని. నవ్వనీ. ముప్పై ఏళ్లుగా హ్యాండిల్ గ్రిప్పులు ఎక్కిస్తున్నా. రబ్బరుకు చెమటతో, ఎండతో ఉండే కొట్లాట బండి మీదైనా ఒకటే, నీ కర్ర మీదైనా ఒకటే.

స్పాంజి గ్రిప్పు కోసం మన షాపుకు వచ్చే కుర్రాళ్లను చిన్నప్పుడు నువ్వూ చూశావు. ఒకసారి వేలితో నొక్కుతారు, దూది మాదిరి ఉంటుంది, వెంటనే "ఇదే వేయన్నా". ఏప్రిల్లో వేస్తే జూన్ కల్లా బొటనవేలు ఆనే చోట గుంట పడి, పొరలు ఊడి, అరచేతికి నల్లగా అంటుకుంటుంది. మళ్లీ వచ్చి నన్నే తిడతారు.

నీ ఫోటోలో ఉన్న ఆకుపచ్చది ఆ బాపతే, పాలీయురేతేన్‌ది. కీళ్లు పట్టేసిన వాళ్లకు, మోచేతి నొప్పి ఉన్నవాళ్లకు అది మేలు, కాదనను. దెబ్బ తగిలినప్పుడు అదురు చేతిదాకా రానివ్వదు. కానీ త్వరగా అరుగుతుంది. పైగా నలుపు రబ్బరులో కలిపే కార్బన్ బ్లాక్ దానికి బలమూ ఇస్తుంది, ఎండనూ ఆపుతుంది. టైర్లు నల్లగా ఉండేది అందుకే. రంగు గ్రిప్పులకు ఆ రక్షణ తక్కువ. రెండోది నూలుదారం కలిపి పోసిన రబ్బరు, కార్డ్ అంటారు. తడిచేతిలోనూ జారదు, చాలాకాలం వస్తుంది, కానీ గరుకు కాగితం పట్టుకున్నట్టే. గ్లౌజు లేని చేత్తో గంటసేపు కొడితే బొబ్బలు ఖాయం. మూడోది మామూలు నల్ల రబ్బరు.

నాలుగోదే నాకు నచ్చింది. పైసగం దారం కలిపింది, కిందిసగం మెత్తది. నువ్వు గ్లౌజు వేసేది ఎడమ చేతికి, కర్ర మీద పైన ఉండేదీ ఆ చేయే కదా. అంటే గరుకు గ్లౌజుకు తగులుతుంది, మెత్తన ఉత్త చేతికి తగులుతుంది. ఎవరో గానీ బుర్ర పెట్టి చేశారు. నీవి మీ నాయనమ్మ చేతులు. పదో తరగతి పరీక్షల్లో పేపరు తడుస్తుందని చేతికింద కర్చీఫ్ పెట్టుకుని రాసేదానివి. ఆ చెమటకు అది సరిపోతుంది. ధర మరీ ఎక్కువంటే మూడోది తీసుకో. మిగతా రెండూ నీకు వద్దు.

అయితే బొటనవేలి మొదట్లో నొప్పి అన్నావే, అది గ్రిప్పు గట్టిగా ఉండడం వల్ల కాదని నా అనుమానం. నువ్వు ఉగాదికి వచ్చి ఇక్కడే వదిలేసిన ఏడో నంబరు కర్రను మొన్న షాపుకు తెచ్చి చూశాను. వేలు ఆనే చోట గాజు మాదిరి మెరుస్తోంది. మెరిస్తే జారుతుంది, జారితే గట్టిగా బిగిస్తావు, బిగిస్తే నొప్పి. గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు వేసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. టీ డికాక్షన్ మాదిరి నీళ్లు కారాయి. నీడలో ఆరబెట్టాక పట్టుకుంటే సగం ప్రాణం తిరిగొచ్చింది. కాబట్టి ముందు మిగతావన్నీ కడుగు, తర్వాత కొందువు. 40 రౌండ్లకో ఏడాదికో మార్చాలని చెబుతారట. అమ్మేవాడు అలాగే చెబుతాడులే, ఇంజన్ ఆయిల్ గురించి నేనూ చెబుతా.

లావు కూడా చూసుకో. ఎడమ చేత్తో పట్టుకుంటే మధ్యవేలు, ఉంగరం వేలు కొసలు బొటనవేలి కింది కండను అలా తాకీ తాకనట్టు ఉండాలి. గుచ్చుకుంటే గ్రిప్పు సన్నం, సందు మిగిలితే లావు. సన్నమైతే కొత్త సైజు కొననక్కర్లేదు, లోపల టేపు ఒకటి రెండు చుట్లు ఎక్కువ వేయమను. మిడ్‌సైజ్ అనేది మామూలుదానికంటే అంగుళంలో పదహారో వంతే లావు. వినడానికి ఏమీ లేదు, చేతికి మాత్రం బాగా తెలుస్తుంది.

ఎక్కించేది అచ్చం మన పనే. రాడ్డుకు రెండువైపులా అంటుకునే టేపు, దాని మీద సాల్వెంట్ పోసి సర్రున తోయడం. మనం పెట్రోలుతో కానిస్తాం, అక్కడ అంత త్వరగా నిప్పంటుకోనిది వాడతారు. నువ్వు ఫోన్ ఇచ్చిన షాపు కుర్రాడు చెప్పాడు, మడకశిర వాడట, చక్కగా మాట్లాడాడు. మొత్తం సెట్టుకు ఒకేసారి వేయించకు. సంచిలో 14 దాకా ఉంటాయి కదా, రెండింటికి చెరో రకం వేయించి నెలరోజులు ఆడి చూడు. ఒక్కో గ్రిప్పు 50 గ్రాముల దగ్గర ఉంటుంది. బరువైనది వేస్తే కర్ర తల తేలికైనట్టు అనిపిస్తుంది, కంగారు పడకు. ఆడాక సంచి కారు డిక్కీలో వదలొద్దు. ఆ వేడికి ఎంత మంచి రబ్బరైనా పాడవుతుంది.

ఒకటి దాచాను, చెప్పేస్తా. కడిగినా బొటనవేలి దగ్గర పగులు అలాగే ఉందని ఆ ఏడో నంబరుది కట్టర్‌తో కోసి తీశాను. రాడ్డు మీద జానెడు గీత పడింది. స్టీలు కాబట్టి బతికిపోయాం. నల్ల గ్రాఫైట్ రాడ్లున్న వాటిని మాత్రం నాకివ్వకు. వాటికి కొక్కెం బ్లేడు వాడాలట, తిన్నని బ్లేడు తగిలితే రాడ్డే పాడవుతుంది.

పార్సిలు సాయంత్రం ఆరు గంటల బస్సుకు వేస్తున్నా. ఈసారి వచ్చేటప్పుడు ఖాళీ డబ్బా తీసుకురా, పోయినసారిది కూడా నీ దగ్గరే ఉందని మీ అమ్మ లెక్క.

నాన్న