గుడి రాళ్ల మీది రాతలకు రంగులు పూయకండి

సంపాదకుల వారికి,

అయ్యా,

వెలగపూడి, మందడం అనగానే ఇవాళ అందరికీ సచివాలయం, భూసమీకరణ గుర్తుకొస్తాయి. ఈ రెండు ఊళ్ల పేర్లూ ఏడున్నర శతాబ్దాల కిందటి దానశాసనంలో జంటగానే కనిపిస్తాయని, ఆ శాసనం పక్కనే ఉన్న మల్కాపురంలో రాతి మీద ఇప్పటికీ నిలిచి ఉందని తెలిసినవారు మాత్రం తక్కువ. శక సంవత్సరం 1183లో, అంటే క్రీ.శ. 1261లో, కాకతీయ రుద్రమదేవి తన తండ్రి గణపతిదేవుడు ఇస్తానన్న మందడాన్ని, దానికి తోడు తానుగా వెలగపూడిని, గోళకీ మఠమనే శైవ మఠానికి ఆచార్యుడైన విశ్వేశ్వర శివాచార్యుడికి దానం చేసింది.

శాసనాలంటే రాజుల బిరుదులు, గురువుల వంశావళి తప్ప మరేమీ ఉండదని చాలామంది అనుకుంటారు. మల్కాపురం శాసనంలోనూ అవి దండిగానే ఉన్నాయి. కానీ అసలు విషయం ఆ తర్వాత వస్తుంది. గౌడదేశం (నేటి బెంగాల్ ప్రాంతం) నుంచి వచ్చిన ఆ ఆచార్యుడు, బ్రాహ్మణ కుటుంబాలకు ఇచ్చింది పోగా మిగిలిన భూమిని మూడు భాగాలు చేసి, ఒకటి శివాలయానికి, ఒకటి విద్యార్థుల భోజనానికీ శైవమఠానికీ, మూడోది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రానికి కేటాయించాడు. వేదాలు చెప్పడానికి ముగ్గురిని, వ్యాకరణం, మీమాంస, తర్కం, సాహిత్యం, ఆగమాలు చెప్పడానికి అయిదుగురిని నియమించాడు. పదమూడో శతాబ్దపు పల్లెలో కాన్పుల కోసం ప్రత్యేకంగా ఒక శాల ఉండేదంటే నా తరగతిలో పిల్లలు ఒక పట్టాన నమ్మేవారు కారు. ఆ భూములు ఇప్పుడు ఎవరికి చెందాలన్న తగవులోకి నేను పోవడం లేదు. ఆ లెక్కలు తేల్చడానికి ఇనాం రిజిస్టర్లు, కోర్టులు ఉన్నాయి. నా బాధ రాయి గురించి.

ఇటీవల మా ఊరి శివాలయాన్ని జీర్ణోద్ధరణ చేశారు. ముఖమండపంలో ఒక పలక ఉండేది. దాని తలమీద సూర్యచంద్రులు, కింద ‘స్వస్తిశ్రీ శకవర్షంబులు’ అన్న మొదలు చిన్నప్పటి నుంచీ నాకు గుర్తే. సాయంత్రం ఏటవాలు ఎండలో, లేదంటే టార్చిలైటును పక్కనుంచి పట్టుకుని, బండి ‘ఱ’ను గుర్తుపట్టి నేను చదవగలిగినంత వరకు, అఖండదీపానికి రోజూ నెయ్యి పోసేందుకు ఎవరో గొర్రెలను ఇచ్చిన సంగతి అందులో ఉంది. ఇప్పుడు దాని మీద రెండు పొరల ఆయిల్ పెయింటు ఉంది. పూసినవారు భక్తితోనే పూశారు, కుంభాభిషేకానికి గుడి కళకళలాడాలని. అంతకు ముందు వేసిన సున్నాన్ని కనీసం మెల్లగా రాల్చి ఉండవచ్చు, అక్షరాల పల్లాల్లోకి దిగిన ఈ రంగును మాత్రం నిపుణులు వస్తే తప్ప తీయలేం. గీకి తీద్దామని ఎవరైనా ఉలి పట్టుకుంటారేమోనని నాకు ఇంకో భయం. కొన్నిచోట్ల ఇసుకను గాలితో చిమ్మి రాళ్లను తెల్లగా తోమిస్తున్నారు. దాంతో రాయి మెరుస్తుంది, అక్షరం అరిగిపోతుంది. ఇక ఊరి బయట ఉన్న శాసనాల గతి చెప్పనక్కరలేదు. రాత ఉంటే కింద లంకెబిందెలు ఉన్నట్టేనన్న మూఢనమ్మకంతో రాత్రికి రాత్రి తవ్వి, రాయిని రెండు ముక్కలు చేసి పోతారు.

దానం ఇచ్చినవారు ఈ చేటును ఊహించకపోలేదు. తానిచ్చిన భూమినైనా, ఇతరులిచ్చిన భూమినైనా హరించినవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడన్న శ్లోకాన్ని శాసనాల చివర చెక్కించారు. అయితే వారు భయపడింది భూమి కాజేసేవాళ్లకే. రంగుల డబ్బాతో వచ్చే భక్తుణ్ణి వారు తలచి ఉండరు.

పాత శాసనాల్లో ఎన్నో నేడు మనకు అందుతున్నాయంటే, 1886లో ప్రభుత్వ శాసన పరిశోధకుడుగా నియమితుడైన హుల్ట్ష్ కాలం నుంచి ఊరూరా తిరిగి నకళ్లు తీసినవారి పుణ్యమే. తడిపిన కాగితాన్ని రాయికి అంటించి, బ్రష్షుతో కొట్టి, పైన సిరా అద్దితే అక్షరాలు తెల్లగా, చుట్టూ నల్లగా దిగుతాయి. చిన్న పలకకు అది ఒక పూట పని. కాబట్టి ఏ ఆలయ జీర్ణోద్ధరణకైనా అనుమతి ఇచ్చే ముందు, ఆ ప్రాంగణంలోని ప్రతి రాతకూ ఇలాంటి నకలు, ఫొటో తీసి పురావస్తు శాఖకు అందజేయాలని, రాతి మీద ఆయిల్ పెయింటు, శాండ్ బ్లాస్టింగ్ వాడరాదని దేవాదాయ శాఖ నిబంధన పెట్టాలి. గుత్తేదారుతో చేసుకునే ఒప్పందంలోనే ఆ షరతు ఉంటే ఇంకా మేలు, ఎందుకంటే నిబంధనల పుస్తకం రంగులు వేసే కూలీ దాకా రాదు.

మల్కాపురం సంగతి వేరుగా చూడాలి. రాజధానికి కోట్లు ఖర్చు చేస్తున్న చోట, ఆ శాసనం దగ్గర దాని సారాంశాన్ని వాడుక తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసిన ఒక పలక పెట్టడం భారం కాదు. సచివాలయానికి పనిమీద వచ్చిన రైతు అక్కడ ఆగి, తన ఊరి పేరును తానే చదువుకోగలగాలి.

ఇట్లు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
గుంటూరు జిల్లా