ట్రాక్టర్ కన్నా ముందు బస్సు ఛార్జీలు

సంపాదకులు గారికి,

మీ లేఖల పేజీలో కొన్నాళ్లుగా మిషనరీల మీద వాదన నడుస్తోంది. ఒకాయన దృష్టిలో వాళ్లు బియ్యం మూటలిచ్చి మతం మార్చేవాళ్లు. ఇంకొకావిడ దృష్టిలో బడీ ఆసుపత్రీ తెచ్చిన పుణ్యాత్ములు. నేను వ్యవసాయ శాఖలో విస్తరణాధికారిగా చేసి రిటైరయ్యాను. కదిరి దగ్గర కొంచెం మెట్ట పొలం ఉంది, ఆదివారం చర్చికి వెళ్తాను. ఈ విషయంలో నేను చూసేది ఒక్కటే: మిషన్ వాళ్లు సామాను సర్దుకుని వెళ్లిపోయాక ఆ పల్లె తన కాళ్ల మీద నిలబడిందా, లేదా?

నిలబడిన చోటు ఒకటి చెబుతాను. నైజర్ దేశం. నైజీరియా కాదు, దానికి ఉత్తరాన సహారా ఎడారి అంచున ఉన్న నైజర్. దక్షిణాన మరాడి అనే ప్రాంతం ఉంది. పంటలు సజ్జ, జొన్న, అలసంద, వేరుశనగ. వాన మాకన్నా తక్కువే. ఫ్రెంచివాళ్ల కాలంలో ఎగుమతి కోసం వేరుశనగ సాగు పెంచారు, ఉన్న చెట్లు పోయాయి. 1970లలో వరస కరువులు. విత్తనం మొలిచాక ఇసుక గాలి కప్పేస్తే రైతు మళ్లీ విత్తాలి, ఒక్కో ఏడు మూడోసారి కూడా. ఇదంతా చదువుతుంటే మా అనంతపురం సంగతే రాశారేమో అనిపిస్తుంది.

1980ల మొదట్లో టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా కుర్రాడు ఎస్‌ఐఎం అనే క్రైస్తవ మిషన్ తరఫున భార్యతో కలిసి అక్కడికి వచ్చాడు. చదివింది వ్యవసాయం. అప్పగించిన పని మొక్కలు నాటించడం. నర్సరీలో పెంచారు, ఊరూరా పంచారు, చాలామటుకు చచ్చిపోయాయి. ఎండకు కొన్ని, మేకలకు కొన్ని, చెదలకు కొన్ని. ఏటా వనమహోత్సవం ఫొటోలు చూసే మనకు ఇందులో వింతేమీ లేదు.

1983లో ఒకరోజు పికప్‌లో మొక్కలు వేసుకుని వెళ్తూ, ఇసుక దారి వచ్చిందని టైర్లలో గాలి తగ్గించడానికి బండి దిగాడు. చుట్టూ పొదలే. ఒకదాని దగ్గరికెళ్లి ఆకు పరీక్షగా చూస్తే అది పొద కాదు, ఎప్పుడో కొట్టేసిన చెట్టు. పైన మొదలు కూడా సరిగ్గా కనపడదు గానీ నేలలో వేరు బతికే ఉంది. ఏటా పిలకలు వేస్తోంది, ఏటా రైతు దుక్కికి ముందు వాటిని నరికి కాల్చేస్తున్నాడు. లక్షల ఎకరాల్లో ఇదే తంతు. అంటే కొత్తగా నాటేదేమీ లేదు, ఉన్నదాన్ని నరకకుండా వదిలితే చాలు.

చేయాల్సిన పని చిన్నది. ఒక్కో మొదలుకు బలమైన పిలకలు మూడో నాలుగో ఉంచి మిగతావి కోసేయాలి. ఉంచినవాటికి కింది కొమ్మలు కత్తిరించాలి. కొన్నాళ్లకు వాటిలోంచే ఒకటి కట్టెలకు తీసుకోవచ్చు, దాని బదులు ఇంకో పిలకను పెరగనివ్వాలి. గొడ్డలి, కొడవలి ఉంటే సరిపోతుంది. నర్సరీ లేదు, నీళ్ల ట్యాంకర్ లేదు, సబ్సిడీ దరఖాస్తు లేదు. (మా శాఖకు ఇలాంటి పథకం అంతగా రుచించదు. బిల్లు పెట్టడానికి ఏమీ ఉండదు.)

మొదట ముందుకొచ్చింది పది మందే. చేలో చెట్లు ఉంచుకుంటే ఇరుగుపొరుగు నవ్వారు, రాత్రిపూట ఎవరో వచ్చి కట్టెలకు కొట్టుకెళ్లారు కూడా. ఇంతలో 1984 కరువు వచ్చింది. మిషన్ పనికి ఆహారం పెట్టి, ధాన్యం కావాలంటే చేలో చెట్లు కొట్టకుండా వదలాలని షరతు పెట్టింది. ఆకలి మీద ఉన్న జనం వదిలారు. మరుసటేడు పంట బాగా వచ్చింది, ధాన్యం పంచడం ఆగింది, ఆ చెట్లలో పెద్ద భాగం మళ్లీ నేలకూలింది. మిషన్ సేవ గురించి మాట్లాడేవాళ్లు ఈ భాగాన్ని దాటేసి చివర్లో వచ్చిన పచ్చదనం ఫొటో మాత్రం చూపిస్తారు. నాకు మాత్రం కథంతా ఇక్కడే ఉందనిపిస్తుంది. ధాన్యం కోసం నిలిపిన చెట్టు ధాన్యంతోనే పోయింది. కొట్టకుండా ఉంచుకున్న కొద్దిమంది చేలల్లో గాలి తగ్గింది, ఒక్క విత్తుతో మొలక నిలిచింది, ఎండాకాలం పశువులకు కాయలు దొరికాయి. ఆ తర్వాత పద్ధతి రైతును చూసి రైతుకు పాకింది.

ఇంకో అడ్డంకి చట్టం. వలస పాలన నాటి నుంచి చెట్లు సర్కారువే. తన చేలో చెట్టు కొమ్మ కొట్టినా రైతుకు జరిమానా పడేది. అలాంటప్పుడు చెట్టు పెంచడం దేనికి? చేలో పెంచుకున్న చెట్టుకు రైతుపై కేసులు పెట్టొద్దని రినాడో వాళ్లు అటవీ అధికారులతో మాట్లాడి ఒప్పించుకున్నారు. నా లెక్కలో పంచిన మొక్కలన్నిటికన్నా ఆ మాటే ఎక్కువ పని చేసింది. కాగితం మీదికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈ పద్ధతిని గుర్తిస్తూ నైజర్ ప్రభుత్వం డిక్రీ ఇచ్చింది 2020లో. మన వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం, 2002లో వచ్చింది. దాని కింద పట్టా భూమిలో చెట్టు కొట్టాలన్నా చాలావాటికి అనుమతి తీసుకోవాలి. దాని ఫలితంగా పిలక దశలోనే పీకేసిన రైతులను నేను ఉద్యోగంలో ఉండగా చాలామందినే చూశాను.

అక్కడ గావో అని ఒక తుమ్మజాతి చెట్టు ఉంది. వానాకాలం ఆకు రాలుస్తుంది, ఎండాకాలం పచ్చగా ఉంటుంది. పంట ఉన్నప్పుడు నీడ పడదు, పైగా రాలిన ఆకు ఎరువవుతుంది. నేను ఉద్యోగంలో ఉండగా చేలో చెట్టుంటే పంట తగ్గుతుందని ఎంతమంది నాతో వాదించారో!

రినాడో 1999లో నైజర్ వదిలి వెళ్లాడు. పని ఆగలేదు. తర్వాత ఉపగ్రహ చిత్రాలు, పాత విమాన ఫొటోలు పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధకులు దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి వచ్చాయని, వాటి సంఖ్య 20 కోట్లు ఉంటుందని అంచనా వేశారు. ఆ రైతుల్లో ఎక్కువమంది హౌసా తెగవాళ్లు. దాదాపు అందరూ ముస్లింలు, ఇప్పటికీ ముస్లింలే. బియ్యం మూటల గురించి రాసిన పెద్దమనిషి ఇది గమనించాలి. బైబిల్ చదివే మనిషి చూపిన పద్ధతిని నమాజు చేసే రైతు తన అవసరం కొద్దీ తీసుకున్నాడు. నైజర్ బాగుపడిపోయిందని కాదు. ప్రపంచంలో మరీ పేద దేశాల్లో అదీ ఒకటి, 2005లో మళ్లీ ఆకలి వచ్చింది. అయితే మరాడిలోనే ఉన్న అగియే అనే చోట చెట్లున్న పల్లెలు కట్టెలు అమ్ముకుని గింజలు కొనుక్కోగలిగాయి.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. మేం వెళ్లే సంఘంలో ఈసారి కోత పండుగ కానుకలతో టాంజానియాలో ఒక పల్లెకు ట్రాక్టర్ కొనివ్వాలని తీర్మానం పెట్టారు. మంచి మనసుతో పెట్టారు, సందేహం లేదు. డీజిల్ ఎవరు పోస్తారు, గేర్‌బాక్స్ పోతే స్పేర్ పార్టు ఏ ఊరి నుంచి రావాలి, డ్రైవర్ జీతం రెండో ఏడాది ఎవరిస్తారు అని అడిగాను. పాస్టర్ గారు ప్రార్థిద్దాం అన్నారు. ఇటువైపు ఒక తండాలో దాతలు వేయించిన చేతిపంపు వాషర్ పోయి నిలిచిపోవడం నేను కళ్లారా చూశాను కాబట్టి ప్రార్థనతో పాటు నాకు లెక్క కూడా కావాలి. ఆఫ్రికాకు కానుకలు పంపే మన తెలుగు సంఘాలు, హైదరాబాద్‌లోవైనా డల్లాస్‌లోవైనా, ఇచ్చినరోజు ఫొటో బదులు మూడేళ్ల తర్వాతి ఫొటో వేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

మా కమిటీకి నేను రాసిచ్చింది ఇది. టాంజానియాలోనే డొడోమా ప్రాంతంలో ఈ పిలకల పద్ధతి చేస్తున్న పల్లెలు చాలా ఉన్నాయి. మనం ఎంచుకున్న పల్లె నుంచి ఆరుగురు రైతులను, అందులో కనీసం ముగ్గురు ఆడవాళ్లను, వారం రోజులు అక్కడికి పంపుదాం. బస్సు ఛార్జీలు, భోజనం, ఆ వారం పోగొట్టుకునే కూలీ మనం ఇద్దాం. ట్రాక్టర్ డబ్బులో దశమభాగం కూడా అవదు. మిగతా సొమ్ము ఏం చేయాలో వాళ్లు తిరిగొచ్చాక వాళ్లనే చెప్పనిద్దాం.

— ఒక విశ్రాంత వ్యవసాయ విస్తరణాధికారి, కదిరి