దేవగన్నేరు కొమ్మలు పంపుతూ

రాజమహేంద్రవరం,
మాఘమాసం.

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. నరసరావుపేటలో కట్టుకున్న కొత్త ఇంటి ముందు పన్నెండు అడుగుల ఖాళీ వదిలామనీ, అబ్బాయి అక్కడ తురాయి వేద్దామంటున్నాడనీ, నా అభిప్రాయం చెప్పమనీ రాశావు. తురాయి వద్దు. వైశాఖంలో అది పూసినప్పుడు దాని పక్కన మరే చెట్టూ నిలవదన్నది నిజమే కాని, దాని వేళ్ళు నేల పైపొరలోనే దూరదూరంగా పాకి గచ్చునూ, ప్రహరీ గోడనూ పైకెత్తుతాయి, కొమ్మలేమో పెద్ద గాలివానకు విరిగి పడతాయి. బడి ఆవరణకో, రోడ్డు పక్కకో అది అందం. నీ వాకిటికీ, నీ నేలకూ, రోజంతా దుకాణంలో గడిపే నీ తీరికకూ తగినది దేవగన్నేరు. అందుకే రెండు కొమ్మలు కోసి మా మేనల్లుడి చేత పంపుతున్నాను. వాటికి ఏం చేయాలన్నదాని కంటే ఏం చేయకూడదన్నదే ఎక్కువగా రాయవలసి వస్తోంది, ఎందుకంటే ఈ చెట్టు నిర్లక్ష్యం వల్ల చావడం అరుదు, అతిగా నీళ్ళు పోసేవారి చేతిలో చావడమే ఎక్కువ.

దీని స్వభావం తెలియాలంటే దీని పుట్టిల్లు తెలియాలి. శివాలయాల ప్రాంగణాల్లో ఎప్పటినుంచో చూస్తున్నాం కనుక ఇది మన చెట్టేనని అనుకుంటాం గాని, దీని జన్మస్థానం మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలు. శాస్త్రీయ నామమైన ప్లుమేరియా అన్నది, 17వ శతాబ్దం చివర కరీబియన్ దీవులకు వెళ్ళి అక్కడి మొక్కలను పరిశీలించిన చార్లెస్ ప్లూమియే అనే ఫ్రెంచి సన్యాసి పేరు మీద వచ్చింది. ఆ దేశాల్లో ఇది పెరిగే అడవుల్లో కొన్ని నెలలు వానలు కురుస్తాయి, తరువాత నెలల తరబడి చుక్క పడదు. ఆ ఎండకాలాన్ని దాటడానికి అది కొమ్మలను లావుగా, మెత్తగా పెంచుకొని వాటిలోనే నీటిని దాచుకుంటుంది, ఆకులన్నీ రాల్చేసి కదలకుండా నిలబడుతుంది. మన దగ్గర కూడా మార్గశిరం వచ్చేసరికి ఆకులు పండి రాలడం మొదలై, పుష్య మాఘాల్లో చెట్టు మొత్తం మోడుగా మిగులుతుంది. చూసినవాళ్ళు ఎండిపోయిందని కంగారుపడి బిందెలకొద్దీ నీళ్ళు పోస్తారు. ఆకు లేని చెట్టు ఆ నీటిని వాడుకోలేదు. అది వేళ్ళ దగ్గర నిలిచి కుళ్ళు పట్టిస్తుంది. నీవు మాత్రం ఆ రెండు నెలలూ పాదు వైపు చూడకు. ఫాల్గుణం చివర కొమ్మ కొనల్లో చివుళ్ళు వాటంతట అవే కనిపిస్తాయి, అప్పుడు నీళ్ళు మొదలుపెట్టు.

ఇక కొమ్మల సంగతి. లేత ఆకుపచ్చ కొమ్మలు త్వరగా కుళ్ళుతాయి కనుక, బూడిదరంగు తిరిగి ముదిరిన కొమ్మలనే, ఒక్కొక్కటి అడుగున్నర పొడవున కోశాను. కోసిన చోట కారిన పాలు ఆరి, గాయం మీద గట్టి పొర కట్టేదాకా నీడలో ఆరబెట్టడం తప్పనిసరి. అది ఒకటి రెండు వారాల పని. నీ దగ్గరకు వచ్చాక కింది కొన వేలితో తాకి చూడు. తడి తగిలితే మరికొన్ని రోజులు వరండాలో ఒక మూల నిలబెట్టు. ఆ లోపల కొమ్మ కొద్దిగా ముడతలు పడినా భయపడవద్దు. తరువాత అడుగున రంధ్రం ఉన్న మట్టి కుండీ తీసుకొని, సగం ముతక ఇసుక, మిగతా సగంలో ఎర్రమట్టీ, వర్మీకంపోస్టూ సమంగా కలిపి నింపి, కొమ్మను నాలుగు అంగుళాల లోతున నాటి, కదలకుండా ఒక కర్రకు కట్టు. వేరు పుడుతున్న దశలో కొమ్మ ఊగితే ఆ సన్నని వేళ్ళు తెగిపోతాయి. నాటిన రోజు ఒకసారి తడిపి, ఆ తరువాత పైమట్టి రెండు అంగుళాల లోతు వరకు పూర్తిగా పొడిబారితేనే కొంచెం పోయాలి.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. మూడో వారంలోనే రెండు ఆకులు విచ్చుకుంటాయి, ఒక్కోసారి పూలగుత్తి కూడా వస్తుంది. అవి వేరు పట్టిందనడానికి సాక్ష్యం కాదు. కొమ్మలో దాచుకున్న నీటితో, ఆహారంతో వచ్చినవి. వేరు పట్టడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఆకులు పూర్తి పరిమాణానికి పెరిగి, వాటి వెనుక కొత్తవి వరుసగా వస్తున్నప్పుడు మాత్రమే నమ్ము. అంతకుముందే మొగ్గలు వేస్తే, మనసు రాకపోయినా తుంచెయ్యి. లేకపోతే వేళ్ళకు పోవలసిన శక్తి అంతా పూలకు పోతుంది. కొమ్మ మొదలును అప్పుడప్పుడు మెల్లగా నొక్కి చూస్తూ ఉండు. గట్టిగా ఉంటే సరే. మెత్తగా, నల్లగా మారితే కుళ్ళు మొదలైందన్నమాట. అప్పుడు పీకి, లోపలి తెల్లని కర్ర కనిపించి పాలు కారేదాకా పైకి కోసుకుంటూ పోయి, మళ్ళీ ఆరబెట్టి నాటవచ్చు. పోయిందని పారేయవలసిన అవసరం లేదు.

నాకున్న అసలు బెంగ మీ నల్లరేగడి గురించి. పత్తికీ, మిరపకూ అది బంగారమే కావచ్చు గాని, వానాకాలంలో నీటిని పట్టుకొని వదలదు. తోటపని చేసేవాళ్ళను పిలిస్తే లోతుగా గొయ్యి తీసి ఇసుక నింపుదామంటారు. ఒప్పుకోవద్దు. చుట్టూ రేగడి ఉండగా మధ్యలో ఇసుక నింపిన గొయ్యి గచ్చు చేసిన తొట్టిలాంటిది. చుట్టుపక్కల నీరంతా అందులోకి చేరి, బయటికి పోయే దారి లేక వారాల తరబడి నిలుస్తుంది. గొయ్యి తీయకుండా, నేలమట్టం మీద అడుగున్నర ఎత్తున, కనీసం ఐదడుగుల వెడల్పున దిబ్బ పోయించు. అందులో ఎర్రమట్టి, ఇసుక, చిన్న గులకరాళ్ళు, బాగా చివికిన పశువుల ఎరువు కలిపించు. మొక్కను దాని నడినెత్తిన నాటితే వాన ఎంత కురిసినా నీరు నాలుగు పక్కలకూ జారిపోతుంది. ఆ దిబ్బను ఈ ఏడే పోయించి వానలకు సర్దుకోనిచ్చి, మొక్కను మాత్రం మొదటి వానాకాలం కుండీలోనే గడపనిచ్చి, వచ్చే ఫాల్గుణంలో నేలలోకి మార్చమని నా సలహా. ఒక సంవత్సరం ఆలస్యమవుతుంది, కాని లేత వేళ్ళను శ్రావణ భాద్రపదాల్లో రేగడికి అప్పగించడం కంటే అది మేలు. గోడకు ఐదడుగుల దూరం ఉంటే చాలు, దీని వేళ్ళు పునాదుల జోలికి పోయేవి కావు. రోజుకు ఆరు గంటల ఎండ మాత్రం తగలాలి. నీడలో ఆకులు దండిగా వస్తాయి గాని పూలు రావు.

ఎరువు గురించి రెండు మాటలు చాలు. యూరియా వేయవద్దు. వేస్తే కొమ్మలు సన్నగా, పొడవుగా సాగి, ఆకులే తప్ప పూలు కనిపించవు. చైత్రంలో చివురు వేసేటప్పుడు ఒకసారి, వానలకు ముందు మరొకసారి, చివికిన ఎరువులో గుప్పెడు ఎముకల పొడి కలిపి వేస్తే సరిపోతుంది. కార్తీకం తరువాత ఏమీ వద్దు.

కత్తిరింపుల విషయంలో నేను కొంచెం పట్టుదల మనిషిని. ఈ చెట్టుకు పూలగుత్తి ఎప్పుడూ కొమ్మ కొసనే వస్తుంది. ఆ గుత్తితో ఆ కొమ్మ నేరుగా పెరగడం ఆగిపోయి, దాని కింది నుంచి రెండో మూడో కొత్త కొమ్మలు చీలుతాయి. వాటి కొసలు పూస్తే అవి మళ్ళీ చీలుతాయి. ముదిరిన దేవగన్నేరుకు గొడుగు ఆకారం వచ్చేది ఇలాగే, ఎవరి కత్తెర వల్లా కాదు. కొస నరికితే అక్కడ రావలసిన గుత్తిని నరికినట్టే. అక్కడ కొత్త కొమ్మలు వచ్చి ముదిరి పూయడానికి తరచుగా మరుసటి ఏడాది పడుతుంది. ఏటా గుండ్రంగా కత్తిరించే ఇళ్ళలో ఈ చెట్టు ఆకుల బుట్టగా ఎందుకు మిగులుతుందో నీకిప్పుడు అర్థమై ఉంటుంది. దారికి అడ్డమొచ్చే కొమ్మ ఉంటే ఆకు లేని రోజుల్లో, మొదలు దగ్గరికి, ఒక్క కోతతో తీసెయ్యి. తీసినది పారేయకుండా ఎవరికైనా ఇవ్వు.

వానాకాలంలో ఆకుల అడుగున నారింజరంగు పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు. చెట్టు చావదు గాని ఆకులు ముందుగానే రాలిపోతాయి. రాలినవాటిని ఊడ్చి తగలబెట్టించు, సాయంత్రాలు ఆకుల మీద నీళ్ళు చల్లవద్దు. పిండినల్లి పడితే గొట్టంతో నీటిని గట్టిగా కొట్టించి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి చల్లించు.

పూల గురించి ఒక తమాషా చెప్పాలి. దీని వాసన రాత్రిపూటే ఎక్కువ. ఆ వాసనకు పొడవైన తొండం గల పెద్ద చిమ్మటలు మకరందం ఉందనుకొని వస్తాయి, పువ్వు పువ్వుకూ తిరిగి పుప్పొడి అంటిస్తాయి, తీరా చూస్తే లోపల మకరందం చుక్క కూడా ఉండదు. దేవుడి పేరు పెట్టుకొని ఇంత మోసమా అని మా ఇంట్లో నవ్వుకుంటాం. మన వైపు కాయ కాయడం అరుదు. కాసినా జంటగా వచ్చే ఆ పొడుగాటి కాయల్లోని గింజలు నాటితే తల్లి చెట్టు రంగే వస్తుందన్న నమ్మకం లేదు. అందుకే అందరూ కొమ్మే నాటుతారు.

చెల్లెమ్మ ఒక అభ్యంతరం చెప్పవచ్చు: సమాధుల దగ్గర వేసే చెట్టు ఇంటి ముందు ఎందుకని. వేస్తారు, నిజమే. నేల నుంచి వేరు చేసినా చివురించి పూసే గుణం వల్లనే దీనికి అక్కడ చోటు దొరికింది. అదే చెట్టు శ్రీలంకలో బౌద్ధాలయాల పూజకు వాడే పువ్వు, బాలిలో రోజూ దేవుడి ముందు పెట్టే పువ్వు, లావోస్‌కు జాతీయ పుష్పం. అప్పటికీ మనసొప్పకపోతే వాకిట్లో కాకుండా పెరట్లో వేసుకోండి, చెట్టుకు ఏ తేడా ఉండదు.

కడియం నర్సరీల వైపు వస్తే ఏడాది పొడుగునా పూస్తుందని చెప్పి, పడగలాంటి ఆకులున్న తెల్లపూల రకం ఒకటి అంటగడతారు. పూయడం నిజమే, ఆకులూ రాల్చదు, కాని వాసన దాదాపు శూన్యం. నాకు అది దేవగన్నేరే కాదు. మొండి కొనల ముదురాకుపచ్చ ఆకులుండే మరో రకం మాత్రం మంచిది, తెల్లగా పూస్తుంది, వాసన ఉంటుంది, ఆకులు కూడా పెద్దగా రాల్చదు. తోట ఊడ్చే ఓపిక లేనివారికి అది తగును.

పంపిన వాటిలో తెల్లదారం కట్టినది పసుపు గర్భం గల తెల్లపువ్వు, ఎర్రదారం కట్టినది పక్కింటివారిచ్చిన ఎర్రపువ్వు. దిబ్బ మీద తెల్లదాన్నే వెయ్యి, అది తొందరగా కుదురుకుంటుంది. ఎర్రదాన్ని రెండేళ్ళు కుండీలో ఉంచినా ఫరవాలేదు. కోసినప్పుడు కారే పాలు జిల్లేడు పాల మాదిరే చర్మానికీ, కళ్ళకూ మంట పెడతాయి కనుక మనవరాలిని దగ్గరికి రానివ్వకు. ప్రహరీ పక్కన వాననీరు ఏ వైపు పారుతుందో గమనించి రాస్తే దిబ్బ ఎక్కడ పోయించాలో చెబుతాను.

ఇట్లు,
నీ మిత్రుడు