వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి పొదిలి నుంచి ఒక ఫార్మసిస్టు బహిరంగ లేఖ: బలం బిళ్ళల మీద తెలుగులో ఒక్క బోర్డు పెట్టించండి

మంత్రి గారూ, నమస్కారం.

మందుల షాపుల మీద అజమాయిషీ మీ శాఖదే, ఫుడ్ సేఫ్టీ కూడా మీ శాఖ కిందకే వస్తది, ఊళ్ళల్లో ఉండే ఏఎన్ఎంలు, ఆశా వర్కర్లు అందరూ మీ వాళ్ళే, అందుకే ఈ లెటర్ నేరుగా మీకే రాస్తన్నా. ఉమ్మడి ప్రకాశం జిల్లా పొదిలిలో ఒక మెడికల్ షాపు కౌంటర్ మీద ఉండే ఫార్మసిస్టుని నేను. విటమిన్ బిళ్ళల గురించీ, మా పడమటి మండలాల జనం తినే తిండి గురించీ కొన్ని సంగతులు చెప్పాలి, కొంచెం ఓపిగ్గా చదవండి సార్.

మా షాపుకి కొనకనమిట్ల, మర్రిపూడి వైపు ఊళ్ళ నుంచి కూడా వస్తారు. చీటీ లేకుండా వచ్చేవాళ్ళల్లో ఎక్కువమంది అడిగేది ఒకటే, "అబ్బాయ్, బలానికి ఏందన్నా మంచి బిళ్ళలు ఇయ్యి, కాళ్ళు పీకతన్నాయి, వొళ్ళంతా నీరసం" అని. కొంతమంది పాత స్ట్రిప్పు ముక్క కొంగున కట్టుకొని తెస్తారు, ఇదే కావాల అంటారు, ఎవరు రాశారమ్మా ఇది అంటే ఎప్పుడో ఒంగోల్లో డాక్టరు రాశాడయ్యా అంటారు. నెలకి రాసిన బిళ్ళ ఏళ్ళ తరబడి మింగతా ఉంటారు, ఎందుకంటే వేసుకోమని చెప్పినోళ్ళు ఉన్నారు గానీ ఆపమని చెప్పినోళ్ళు లేరు.

ఇక్కడ జనానికి తెలియని విషయం ఒకటుంది. మా ర్యాకులో పక్కపక్కనే రెండు డబ్బాలు ఉంటాయి, రెండూ విటమిన్లే, రెండూ ఒకే మాదిరి మెరిసే స్ట్రిప్పులు. ఒకటి తిప్పి చూస్తే మందుల తయారీ లైసెన్సు నంబరు ఉంటది, అంటే అది 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద తయారైన మందు. రెండోది తిప్పితే తిండి పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు, 14 అంకెల నంబరు, ఆ పక్కన సన్నటి అక్షరాల్లో హెల్త్ సప్లిమెంట్ అనీ, నాట్ ఫర్ మెడిసినల్ యూజ్ అనీ ఉంటాయి. అంటే లెక్క ప్రకారం అది మందు కాదు, బిస్కెట్ ప్యాకెట్టు మాదిరి అదీ ఫుడ్డే. దీనికోసం ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లో రూల్స్ పెట్టింది, 2018 నుంచి అమల్లోకి వచ్చాయి, 2022లో మళ్ళీ మార్చారు. రూల్స్ లేవని నేను అనడం లేదు సార్, కానీ ఆ లేబుల్ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలు, తెలుగు వేయాలా వద్దా అనేది కంపెనీ ఇష్టం. మరి పొగాకు గ్రేడింగ్‌కి పోయొచ్చే అమ్మ ఆ లైను ఎట్టా చదువుకుంటది చెప్పండి. మెడికల్ షాపులో ఇచ్చాడు కాబట్టి మందే అనుకుంటది. పైగా మందుల్లో అత్యవసరమైన వాటికైనా మందుల ధరలు చూసే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ సీలింగు రేటు పెడతది, ఫుడ్ అయితే ఆ కంట్రోలే లేదు, ఎమ్మార్పీ ఎంతైనా వేసుకోవచ్చు, షాపులకి స్కీములు కూడా బాగా ఇస్తారు, ఇన్ని డబ్బాలు తీసుకుంటే ఇన్ని ఫ్రీ అని. షాపులో ఏది ముందు వరసలో పెడతారో, ఏది చేతికిస్తారో ఇక మీకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

విటమినే కదా, ఎక్కువైతే మూత్రంలో పోద్ది అనుకుంటారు అందరూ, చదువుకున్నవాళ్ళు కూడా. బి కాంప్లెక్స్, సి లాంటివి కొంతవరకు అట్టా మూత్రంలో పోతాయి, నిజమే, కానీ ఎ, డి, ఇ, కె అనేవి కొవ్వులో కరిగేవి, వొంట్లో పేరుకుంటాయి. మా పెద్దమ్మకి జరిగింది చెప్తా. మోకాళ్ళ నొప్పులని ఒక చోట చూపించుకుంటే డి విటమిన్ క్యాప్సూల్ రాశారు, 60,000 యూనిట్లది, నాలుగు క్యాప్సూళ్ళ స్ట్రిప్పు ఉంటది చూడండి, అది. వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు వేసుకొని ఆపాలి అది, మామూలుగా డాక్టర్లు రాసే కోర్సు అదే. చీటీ మీద అట్టనే రాశారు కూడా, ఇంగ్లీషులో. ఆమె మిగతా బిళ్ళల మాదిరి దాన్ని కూడా రోజూ వేసుకుంది, అయిపోతే వాళ్ళ ఊరి దగ్గర షాపులో మళ్ళీ కొనుక్కుంది, వాళ్ళు అడగనూ లేదు చెప్పనూ లేదు. కొన్నాళ్ళకి వాంతులు, అన్నం చూస్తేనే వెగటు, ఎంత తాగినా దాహం, మలబద్ధకం, రాత్రంతా బాత్రూముకి లేస్తా ఉండేది, చివరకి ఎదురుగా ఉన్న మనిషిని పేరు మార్చి పిలవడం మొదలుపెట్టింది. పక్షవాతమేమో అని ఒంగోలు తీసుకుపోతే రక్తంలో క్యాల్షియం విపరీతంగా పెరిగిందని, కిడ్నీ మీద కూడా పడిందని తేలింది. రోజుకి ఒక మనిషికి కావాల్సింది 600 యూనిట్లని హైదరాబాద్‌లో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో ఇచ్చింది, దాటకూడని హద్దు 4,000. అంటే ఆ ఒక్క క్యాప్సూల్లో వంద రోజులది ఉంది, ఆమె దాన్ని రోజూ మింగింది. ఇప్పుడు బాగానే ఉంది లేండి, కానీ ఆ స్ట్రిప్పు మీద తెలుగులో "వారానికి ఒక్కటే" అని ఉండుంటే ఇంత దూరం వచ్చేదే కాదు.

ఇంకా చాలా ఉన్నాయి ఇట్టాంటివి. గర్భిణీలు విటమిన్ ఎ ఎక్కువ డోసులో వేసుకుంటే బిడ్డకి అవయవ లోపాలు రావచ్చు. తిమ్మిర్లు తగ్గాలని బి6 పెద్ద డోసులో నెలల తరబడి వాడితే దాని వల్లే నరాలు దెబ్బతిని తిమ్మిర్లు పెరగొచ్చు. థైరాయిడ్ బిళ్ళతో పాటే క్యాల్షియం, ఐరన్ కూడా గుక్కెడు నీళ్ళతో మింగేస్తారు పొద్దున్నే, థైరాయిడ్ బిళ్ళకీ ఆ రెంటికీ మధ్య నాలుగు గంటల గ్యాప్ ఉండాలి, లేకపోతే థైరాయిడ్ మందు వొంటికి సరిగ్గా పట్టదు, డాక్టరేమో డోసు పెంచుకుంటా పోతాడు. జుట్టు కోసమని ఆడపిల్లలు ఆన్‌లైన్‌లో తెప్పించుకునే బయోటిన్ అనే విటమిన్ వల్ల కొన్ని రక్త పరీక్షలు తప్పు చూపించొచ్చని అమెరికాలో మందులు, తిండి చూసే సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. మాది పొగాకు ప్రాంతం, చుట్ట బీడీ తాగే పెద్దవాళ్ళు ఇంటికొకరు ఉంటారు, వాళ్ళ కొడుకులు ప్రేమతో సిటీ నుంచి యాంటీ ఆక్సిడెంట్ డబ్బాలు తెచ్చిస్తారు, అందులో కొన్నిట్లో క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్ ఉంటది. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్ళకి ఈ బీటా కెరోటిన్ బిళ్ళలిచ్చి చూస్తే లంగ్ క్యాన్సర్ తగ్గకపోగా పెరిగిందని 1994లోనే బయటపెట్టారు, అమెరికాలో చేసిన ఇంకో స్టడీని ఇదే కారణంతో 1996లో మధ్యలో ఆపేశారు. క్యారెట్ తింటే ఏ భయమూ లేదు, ఆ డోసుల్లో బిళ్ళ మింగితేనే సమస్య.

బలం సెలైన్ సంగతి మీకు తెలియంది కాదు. పచ్చ రంగు సెలైన్ అంటారు మా దగ్గర, గ్లూకోజు బాటిల్లో మల్టీవిటమిన్ ఇంజెక్షన్ కలిపితే పసుప్పచ్చగా మారుద్ది, ఆ రంగు చూసి జనానికి నమ్మకం. కూలికి పోయి సంపాదించిన డబ్బులు పెట్టి మంచం మీద పడుకొని ఎక్కించుకుంటారు, రెండ్రోజులు హుషారుగా ఉందంటారు. ఆ బాటిల్లో ఉండే గ్లూకోజు ఒక పూట రాగి సంగటిలో ఉండే బలంలో సగం కూడా రాదు, సూది శుభ్రంగా లేకపోతే ఇన్ఫెక్షన్, విటమిన్ ఇంజెక్షన్ పడకపోతే ప్రాణం మీదకి. నోటితో అన్నం తినగలిగిన మనిషికి ఆ సెలైన్ అవసరమే లేదని చెప్పే ఒక్క సర్కారీ పోస్టరు కూడా నేను మా వైపు చూడలేదు సార్.

మా ప్రాంతానికి ఇంకో శాపం తాగే నీళ్ళల్లో ఉండే ఫ్లోరైడ్. దాని వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి దేశంలో మొదట రాసింది మా ఊళ్ళ గురించే, 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీ డాక్టర్లు, అప్పట్లో పొదిలి, దర్శి, కనిగిరి అన్నీ నెల్లూరు జిల్లాలో ఉండేవి, 1970లో కదా మాకు జిల్లా వచ్చింది. ఆ నీళ్ళు తాగీ తాగీ కీళ్ళు బిగుసుకుపోయి, నడుములు వంగిపోయినవాళ్ళు మా కౌంటర్ దగ్గర కర్ర పట్టుకొని నిలబడి క్యాల్షియం బిళ్ళలు అడగతారు. వాళ్ళకి కావాల్సింది ముందు మంచినీళ్ళు. తిండిలో క్యాల్షియం, సి విటమిన్, ప్రోటీను సరిగ్గా ఉంటే ఫ్లోరైడ్ చేసే నష్టం కొంత తగ్గుద్ది, అందుకే పాలు, పెరుగు, మునగాకు, నువ్వులు, జామకాయ తినండని చెప్పాలి. అంతేగానీ ఎవరూ లెక్క చూడకుండా ఏళ్ళ తరబడి క్యాల్షియం, డి బిళ్ళలు కలిపి మింగితే కిడ్నీలో రాళ్ళు పడే ముప్పు పెరుగుద్ది, నొప్పి బిళ్ళలు దానికి తోడు, ఇక కిడ్నీలు ఏం కావాలి.

బిళ్ళలన్నీ దండగ అని నేను చెప్పడం లేదు, ఇది గట్టిగా రాస్తన్నా, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. నిజంగా అవసరమైనవాళ్ళకి అవి అందడం లేదనేదే నా అసలు బాధ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. వాళ్ళకి ప్రభుత్వమే ఐరన్ బిళ్ళలు ఫ్రీగా ఇస్తంది, గర్భిణీలకి 60 మిల్లీగ్రాముల ఐరన్, దాంట్లోనే ఫోలిక్ యాసిడ్, పదేళ్ళు దాటిన స్కూలు పిల్లలకి వారానికోసారి నీలం బిళ్ళ. ఇంటికి పోయి చూస్తే అవి దూలం సందులోనో బియ్యం డబ్బా మీదో అట్టనే పడుంటాయి. వికారంగా ఉందని, దొడ్డికి నల్లగా పోతందని భయపడి ఆపేస్తారు. నల్లగా పోవడం మామూలే అనీ, అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుద్దనీ, నిమ్మకాయ నీళ్ళతో వేసుకుంటే బాగా పడుతుందనీ, టీతో గానీ పాలతో గానీ క్యాల్షియం బిళ్ళతో గానీ కలిపి వేసుకోవద్దనీ ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు కావాలి. ఫ్రీగా వచ్చింది పక్కన పడేసి మా షాపుకొచ్చి వందలు పెట్టి డబ్బా కొనుక్కుపోతారు, దాంట్లో ఐరన్ దీనికంటే తక్కువే ఉంటది చాలాసార్లు. అట్టనే షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా వాడేవాళ్ళకి, మాంసం గుడ్డు ముట్టనివాళ్ళకి బి12 తగ్గే అవకాశం ఉంది, వాళ్ళకి టెస్టు చేసి ఇవ్వాల్సిందే.

రేషన్ బియ్యం విషయం కూడా ఇంతే. ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన బలవర్ధక బియ్యం ఇచ్చారు, క్వింటా బియ్యంలో కేజీ గింజలు అవి కలిపేవాళ్ళు. ఆ గింజ నీళ్ళల్లో తేలుద్ది, రంగు కొంచెం తేడాగా ఉంటది, మా వాళ్ళు ప్లాస్టిక్ బియ్యం అనుకొని చాటలో పోసి ఒక్కొక్క గింజా ఏరి పారేశారు. బియ్యప్పిండితో చేసిన గింజమ్మా అది అని డీలరు దగ్గర ఒక్క ముక్క చెప్పే దిక్కు లేకపోయింది.

ఇక తిండి. సజ్జ రొట్టె, కొర్రన్నం, వరిగన్నం, అలసందలు, ఉలవలు తిన్న నేల మాది. కందులు, శనగలు ఇప్పటికీ మా జిల్లాలో పండతాయి, కానీ మా ఇళ్ళల్లో పప్పు పలచగా, అన్నం గుట్టగా ఉంటది. రాగుల్లో వంద గ్రాములకి 350 మిల్లీగ్రాముల దాకా క్యాల్షియం ఉంటది, కొత్తపట్నం నుంచి వచ్చే ఎండు నెత్తళ్ళు ముళ్ళతో సహా నమిలి తింటే క్యాల్షియమే, ఒక జామకాయ తింటే ఆ రోజుకి సి విటమిన్ సరి. 2024 మే నెలలో జాతీయ పోషకాహార సంస్థ 17 సూచనలతో ఆహార నియమాలు విడుదల చేసింది, దేశంలో జబ్బుల భారంలో 56.4 శాతం తిండి సరిగా లేకే అని అందులో చెప్పింది, కండల కోసం ప్రోటీన్ పౌడర్లు వాడొద్దని కూడా చెప్పింది. మా ఊరి జిమ్ కుర్రాళ్ళు వేలు పోసి ఆ డబ్బాలే కొంటన్నారు. అదే ఏడాది 36 రకాల ప్రోటీన్ పౌడర్లు టెస్టు చేసి కేరళ డాక్టర్లు ఒక పేపర్ వేస్తే 25 డబ్బాల్లో రాసిన ప్రోటీన్‌కీ ఉన్న ప్రోటీన్‌కీ పొంతన లేదు. ఆ డబ్బుతో నెలంతా ఇంటిల్లిపాదీ గుడ్లు, శనగలు, పల్లీలు తినొచ్చు సార్.

మిమ్మల్ని అడిగేది పెద్ద స్కీమేమీ కాదు. ప్రతి మెడికల్ షాపులో, జిమ్ముల్లో, న్యూట్రిషన్ సెంటర్లలో కౌంటర్ ఎదురుగా తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక బోర్డు ఉండాలని ఆర్డరు వేయండి, "ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉన్న బిళ్ళలు, పౌడర్లు మందులు కావు. డి విటమిన్ 60,000 క్యాప్సూల్ వారానికి ఒక్కటే, డాక్టరు చెప్పినన్ని వారాలే. ఎన్నాళ్ళు వాడాలో అడిగి రాయించుకోండి" అని. మందులు చూసే ఇన్‌స్పెక్టర్లు, ఫుడ్ చూసే ఆఫీసర్లు కలిసి వచ్చి ఈ డబ్బాల శాంపిల్స్ ఎత్తేలా చూడండి, ఇప్పుడు అది ఇద్దరి మధ్యలో ఎవరిదీ కాకుండా పోతంది, రిజల్టు బ్యాచ్ నంబరుతో సహా తెలుగులో పేపర్‌కి ఇవ్వండి. ఏఎన్ఎం ఐరన్ బిళ్ళ ఇచ్చేటప్పుడు ఎట్టా వేసుకోవాలో కూడా చెప్పి రావాలని, తర్వాత నెల పోయి స్ట్రిప్పు చూసి రావాలని చెప్పండి. పచ్చ సెలైన్ మీద ఊరూరా ఒక దండోరా వేయించండి.

బోర్డు మేటర్ మీ శాఖ నుంచి, మీ శాఖ ముద్రతో రావాలి సార్. నేను సొంతంగా రాసి అతికిస్తే "ఇయ్యడం ఇష్టం లేక రాసుకున్నాడు" అనుకొని పక్క షాపుకి పోతారు, పక్క షాపువాడు ఇచ్చేస్తాడు. అన్ని షాపుల్లో ఒకే బోర్డు ఉంటేనే పని జరుగుద్ది.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు, పొదిలి, ఉమ్మడి ప్రకాశం జిల్లా