దుకాణాలకు నూకలు చెల్లాయా?

సంపాదకుల వారికి,

ఆన్‌లైన్ వ్యాపారం వచ్చాక దుకాణాలకు నూకలు చెల్లాయన్న మాట తరచూ వినిపిస్తోంది. నాకది తొందరపాటు తీర్పనిపిస్తుంది. 1995లో ఇంటర్నెట్‌లో పుస్తకాలు అమ్మడం మొదలుపెట్టిన అమెజానే 2015లో అమెరికాలోని సియాటెల్‌లో పుస్తకాల షాపు తెరిచింది. 2017లో 1,370 కోట్ల డాలర్లు పోసి హోల్ ఫుడ్స్ అనే కిరాణా దుకాణాలను కొన్నది. (ఆ పుస్తకాల షాపుల్ని 2022లో ఎత్తేసిందనుకోండి, అది వేరే సంగతి.)

బోర్డర్స్ కథ మాత్రం దుకాణదారులు మరచిపోకూడదు. పుస్తకాల దుకాణాల్లో పెద్ద పేరున్న ఆ అమెరికా సంస్థ 2001లో తన ఆన్‌లైన్ అమ్మకాలను అమెజాన్ చేతిలోనే పెట్టింది. తేరుకుని 2008లో సొంత సైటు నడుపుకునేసరికి కొనుగోలుదారులు అటువైపు అలవాటు పడిపోయారు. 2011లో బోర్డర్స్ మూతపడింది. ఇంటర్నెట్ ఒక్కటే దాన్ని ముంచిందనను, అప్పులూ ఉన్నాయి. కానీ పోటీదారుడికి తాళంచెవి ఇచ్చింది తనే కదా!

కొనేవాళ్లం మనమూ తక్కువ తినలేదు. షాపులో చెప్పులు తొడిగి చూసి, సైజు తెలుసుకుని, బయటికొచ్చి ఫోన్‌లో ఆర్డరు పెడతాం. నేనూ పెట్టాను. అద్దె, కరెంటు, జీతాలు షాపువాడివి, అమ్మకం ఇంకొకరిది. చూడకుండా తెప్పించుకుంటే సరిపోక వెనక్కి పంపడం మరో తంతు. అలా తిరిగొచ్చిన వస్తువును మళ్లీ అమ్మాలంటే విప్పి చూసి, ప్యాక్ చేయాలి. ఉచితమంటున్న ఆ వాపసు ఖర్చు ఎవరి ధరలో కలుస్తోందో ఎవరూ చెప్పరు.

ఏ సరుకు ఉందో ఫోన్‌లో చూపించి, షాపుకొచ్చి చూసుకుని తీసుకెళ్లమనే పద్ధతి చిన్న దుకాణాలకూ అందుబాటులోనే ఉంది. దాన్ని ఎందుకు వాడుకోరో నాకు అర్థం కాదు.

ఇట్లు,
ఒక పాఠకుడు